లేనిదాన్ని చదివే ఉద్యోగం

నెమురో, 1963 నవంబరు 2

ఒరేయ్ తొకుజీ,

ఇక్కడ కొంబు నాచు ఎండబెట్టే పని అయిపోయింది. నా చేతులు చూస్తే మొసలి వీపు అనుకుంటావు. మీ బావ కాడ్ చేపల వేటకి పోయి పది రోజులైంది. పిల్లలు బాగానే ఉన్నారు, అంటే కొట్టుకుంటున్నారు.

అసలు సంగతికి వస్తాను. ఊళ్ళో ఒక పుకారు పుట్టింది. వచ్చే వేసవిలో మనవాళ్ళని సమాధులు చూసుకోవడానికి దీవుల మీదికి పంపిస్తారట. రష్యావాళ్ళు మనల్ని షికోతాన్ దీవి నుంచి పడవెక్కించి తరిమేసిన పదహారేళ్ళకి! చేపల సంఘం ఆఫీసులో ఈ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాన్న ఇంట్లో నిలవట్లేదు. పొద్దున్నే దుర్భిణి మెడలో వేసుకుని, బస్సెక్కి, కొసనున్న దీపస్తంభం దాకా పోతారు. షికోతాన్ కనిపించేది నెలకి రెండు రోజులు. మిగతా రోజులంతా పొగమంచుని చూసి ఇంటికొస్తారు.

మొన్న డాక్టరుగారు నాన్న గుండె పరీక్షించి నన్ను పక్కకి పిలిచారు. "ఈ చలికాలం గట్టెక్కుతారు. ఆ తర్వాతి చలికాలం గురించి నేనేం మాట ఇవ్వలేనమ్మా" అన్నారు. అంటే వచ్చే వేసవి ఒక్కటే మిగిలింది. నాన్న మాత్రం నాతో ఒకటే మాట: "మీ అమ్మని అక్కడ ఒంటరిగా వదిలేసి వచ్చాను. దాని పేరు నా చేత్తో కొయ్య మీద చెక్కాను. ఆ కొయ్య ఈపాటికి కుళ్ళిపోయి ఉంటుంది."

నిన్ను అడగమని ఆయన చచ్చినా అనరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రష్యన్ చదువుతానని నువ్వు ఇల్లు దాటిన రోజున "మన ఇల్లు లాక్కున్నవాళ్ళ మాటలు నా కొడుకు నోట వినలేను" అన్నారు, ఆ మాట మీదే ఉన్నారు. కానీ నీ పత్రిక వచ్చిందంటే ముందు నీ పేరే వెతుకుతారు. కనబడితే మడిచి పక్కన పెట్టేస్తారు, చదవరు.

కాబట్టి అడుగుతున్నది నేను. ఆ మాస్కోలో కూర్చుని ఊరందరి గుట్టూ రాస్తావు కదా, ఈ ఒక్క సంగతి కనుక్కోలేవా? పడవ వెళ్తుందా, వెళ్ళదా? అడగందే అమ్మైనా పెట్టదంటారు, వెళ్ళి అడుగు.

చలికి చెవులు కప్పుకో.

నీ అక్క,
త్సునె


మాస్కో, 1963 నవంబరు 24

అక్కా,

నీ ఉత్తరం ఇరవై రోజులకి వచ్చింది. నాకంటే ముందు ఇంకెవరో చదివినట్టున్నారు, అంటించిన బంక ఇంకా తడిగానే ఉంది. ఆ చదివిన పెద్దమనిషికి కూడా నీ మొసలి వీపు తెలిసిపోయింది.

నవ్వులాట కాదు. ఇకనుంచి దీవుల మాట ఎత్తి రాయకు. నేను అడగవలసిన చోట అడుగుతున్నాను. నా పేరున ఇంట్లోంచి ఇలాంటి ఉత్తరాలు వస్తున్నాయని తెలిస్తే, వార్త కోసం అడుగుతున్నానా, సొంత పని కోసమా అని అనుమానిస్తారు. అప్పుడు తెరుచుకోబోయే తలుపు కూడా మూసుకుంటుంది. నాన్న గురించి కూడా రాయకు. నాన్న గురించి రాస్తే నువ్వు దీవి గురించి రాయకుండా ఉండలేవు, నాకు తెలుసు.

కనుక్కోవడం ఎలా ఉంటుందో చెబుతాను విను. ఇక్కడ ఎవరూ ఏదీ చెప్పరు. నిన్నటి పత్రికా, ఇవాళ్టి పత్రికా పక్కపక్కన పరుచుకుని, నిన్న ఉన్న పేరు ఇవాళ ఎందుకు లేదని చూస్తాం. పండగనాడు వేదిక మీద ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో, ఎవరు నిలబడలేదో లెక్క పెడతాం. పోయినేడు ఒక ఫోటోలో ఒక పెద్దాయన లేకపోవడం చూసి, ఆయన పదవి పోయిందని రాశాను. పది రోజులకి నిజమైంది. టోక్యో నుంచి సంపాదకుడు మెచ్చుకుంటూ తంతి పంపాడు. లేనిదాన్ని చదవడమే నా ఉద్యోగం అక్కా.

ఉన్నదాన్ని చదవడానికి జినయీదా పెత్రోవ్నా ఉంది. మా ఆఫీసుకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన గుమాస్తా. ఒకప్పుడు బడిపంతులమ్మ. వచ్చిన టపా అంతా ముందు ఆవిడ చేతికే వెళ్తుంది. మన లిపిలో ఉన్నవి నా బల్ల మీద పెడుతుంది, రష్యన్‌లో ఉన్నవి తన అట్టపెట్టెలో వేసుకుంటుంది. కాఫీ కూడా తనే పోస్తుంది, నేనడిగినప్పుడు కాదు, తనకి తోచినప్పుడు.

నాన్న నాతో మాట్లాడకపోయినా కొత్త సంవత్సరానికి ఒక కార్డు పంపుతారు. ఏటా అవే రెండు ముక్కలు, "ఆరోగ్యం జాగ్రత్త. యొహెయ్." నాకు అది చాలు. ఆ కార్డు వచ్చిందంటే నాన్న ఉన్నట్టు. డాక్టరు మాటకంటే నాకు అదే లెక్క.

తమ్ముడు,
తొకుజి


నెమురో, 1963 డిసెంబరు 18

తొకుజీ,

సరే, నీ హుకుం ప్రకారమే రాస్తున్నాను. మంచు పడుతోంది. పొరుగింటి గొన్‌జో తాత జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ముల్లంగి పచ్చడి పెట్టాను, ఉప్పు ఎక్కువైంది. చాలా? ఇంకేం రాయను? ఇది రాయకు, అది రాయకు అంటే ఇంక ఉత్తరం ఎందుకు, ఖాళీ కాగితం పంపిస్తే సరిపోయేది!

ఇంట్లో ఒక సంగతి జరిగింది. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు, అయినా నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఎవరని అడక్కు, ఏమిటని అడక్కు. నువ్వేమో రాయొద్దంటావు, ఇక్కడేమో చెప్పొద్దంటారు. మీ ఇద్దరి మధ్యా నా పొట్ట ఉబ్బిపోతోంది.

ఈసారి నా నుంచి కొత్త సంవత్సరం కార్డు రాదు. నన్ను రాయొద్దన్నారు. నొచ్చుకోకు.

అక్క


మాస్కో, 1964 జనవరి 20

అక్కా,

జనవరి మొదటి రోజు నుంచి పదిహేనో తారీకు దాకా రోజూ టపా చూశాను. ఆ తర్వాత చూడటం మానేశాను. అర్థమైపోయింది. నువ్వు చెప్పకపోయినా అర్థమైంది. ఈ ఊరి పెద్దల మీద వేసే లెక్కే మన ఇంటి మీదా వేశాను. నీ ఉత్తరంలో ఏమి లేదో అదే చదివాను.

నీ మీద కోపం లేదు. ఒట్టు వేయించుకున్నారన్నావు, అది ఆయన పద్ధతే. నేను పని వదిలి పరుగెత్తుకు రాకూడదని అనుకుని ఉంటారు. ఒక్కటి మాత్రం చెప్పు. ఎప్పుడు మొదలైంది? బాగా బాధపడ్డారా?

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను. గిన్నెడు అన్నం వండి కిటికీలో పెట్టి, దాని ఎదురుగా చాలాసేపు కూర్చున్నాను. జినయీదా పెత్రోవ్నా సాయంత్రం వచ్చి చూసి, కాఫీ పోసి పెట్టి వెళ్ళింది.

ఆయన కోరుకున్న పని మాత్రం వదలను. అడుగుతూనే ఉన్నాను.

తొకుజి


నెమురో, 1964 ఫిబ్రవరి 12

తొకుజీ,

హమ్మయ్య! నీకు తెలిసిపోయిందిగా, నా గుండెల మీద బరువు దిగింది. జనవరిలో నీకు అర్థమైపోతుందని ఆయన అన్నారు. అలాగే అయింది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నవంబరు పదిహేనున మొదలైంది. మొదటి వారం చాలా అవస్థ పడ్డారు. రాత్రీ పగలూ గొంతులో ఒకటే గరగర, పిల్లలు భయపడి నా పక్కలో దూరేవాళ్ళు. ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు. పొద్దున్నే ఆయన ముందు టీ పెడతాను, రేడియో పెడతాను. గొన్‌జో తాత కట్టు కట్టిన చేత్తోనే వచ్చి చూసి, దండం పెట్టి వెళ్ళాడు.

మరి నువ్వేమిటి, నాకు ఉత్తరం రాసి ఊరుకున్నావు? ఒక్క ముక్క ఆయనకే నేరుగా రాయకూడదూ? ఎంతైనా తండ్రి. నీ మాట కోసం చూస్తూ ఉంటారు. చిన్నప్పటి నుంచీ మనసులో పెట్టుకున్నవి ఏమున్నా ఇప్పుడే చెప్పెయ్యి, ఇంకెప్పుడు చెబుతావు?

కిటికీలో అన్నం ఎందుకు పెట్టావురా? పావురాలకా? గడ్డకట్టిపోయి ఉంటుంది.

అక్క


మాస్కో, 1964 మార్చి 8

నాన్నకు,

మీకే నేరుగా రాయమని అక్క చెప్పింది. మీరు ఉండగా ఏటా రెండు ముక్కల కార్డుకి రెండు ముక్కల జవాబు రాసేవాణ్ణి. ఇప్పుడు మీరు లేరు కాబట్టి, తిట్టరన్న ధైర్యంతో రాస్తున్నాను. అక్క దీన్ని మీ ఫోటో ముందు చదువుతుంది. దీంతోపాటు ముక్కల చక్కెర డబ్బా పంపుతున్నాను. ఎందుకో చెబుతాను.

1946 ఫిబ్రవరి. అమ్మకి జ్వరం వచ్చి పన్నెండు రోజులు. ఆ పొద్దున్న నన్ను దగ్గరికి పిలిచి, "నోరు చేదుగా ఉందిరా, తియ్యగా ఏమన్నా పెట్టవూ" అంది. ఇంట్లో ఏముంది? మన ఇంట్లో సగం అప్పటికే రష్యన్ అధికారికి ఇచ్చేశాం. వాళ్ళ వంటవాడి దగ్గర చక్కెర ఉందని నాకు తెలుసు. వెళ్ళి చెయ్యి చాచాను. అతను నవ్వి, తమ భాషలో అడిగితేనే ఇస్తానని సైగ చేశాడు. చెప్పి చూపించాడు. పదిసార్లు తప్పు చెప్పాను. ప్రతిసారీ అతను కడుపు పట్టుకుని నవ్వాడు. చెడ్డవాడేం కాదు, కాలక్షేపం కోరుకున్నాడు. పదకొండోసారికి సరిగ్గా చెప్పాను, ముక్క చేతిలో పెట్టాడు.

పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మీరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "తల్లి పోతుంటే వాళ్ళతో ఆడుకుంటున్నావా?" అని కొట్టారు. నా చేతిలో ముక్క లాక్కుని సముద్రంలోకి విసిరేశారు.

నేను ఆడుకోలేదు నాన్నా. అమ్మ కోసం వెళ్ళాను.

పద్దెనిమిదేళ్ళు ఈ మాట ఎందుకు చెప్పలేదంటే, నాకు భయం. త్వరగా నేర్చుకుని ఉంటే అమ్మకి అందేది కదా అని మీరు అంటారని. మీరు అనకపోయినా నేను రోజూ అనుకుంటున్నాను. అందుకే ఆ భాష చదివాను. ఇంకెప్పుడూ ఆ భాషలో అడగవలసింది ఆలస్యంగా అడగకూడదని. మీకేమో నేను వాళ్ళకి అమ్ముడుపోయినట్టు కనిపించింది.

అమ్మ దగ్గరికి మిమ్మల్ని పంపించాలనుకున్నాను. అందులోనూ ఆలస్యమైంది. క్షమించండి.

మీ కొడుకు,
తొకుజి


తంతి. నెమురో, 1964 మార్చి 29

నాన్న బతికే ఉన్నారు. చక్కెర తిన్నారు. నిన్ను తిడుతున్నారు. ఉత్తరం వస్తోంది. త్సునె


నెమురో, 1964 మార్చి 30

ఒరేయ్ మూర్ఖుడా,

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికి నీలాంటివాడే! ఇక్కడ ఎద్దు ఈనిందని కూడా ఎవరూ అనలేదే, నువ్వే అనుకుని నువ్వే కట్టేశావు!

పార్సెల్ పోస్టుమ్యాన్ చేతుల్లోంచి నాన్నే అందుకున్నారు. నేను పెరట్లో చేపలు కడుగుతున్నాను. "తొకుజి నా పేరున రాశాడు" అని ఆయన గొంతు వినబడి సంతోషపడ్డాను. చేతులు తుడుచుకుని వచ్చి చూద్దును కదా, కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉన్నారు. నన్ను చూసి, "నేను ఎప్పుడు చచ్చానే?" అన్నారు. నాకు తలా తోకా తెలియలేదు. కాగితం లాక్కుని చదివాను. అప్పుడు నీ జనవరి ఉత్తరం తెచ్చుకుని మళ్ళీ చదివాను. చావు జరిగిన ఇంట్లోంచి కొత్త సంవత్సరం కార్డులు వెళ్ళవు కదా, ఆ లెక్కే వేశావన్నమాట. పావురాలకా అని అడిగానే, నా నోరు పడిపోను!

నాన్న ముందు తిట్టారు. "పత్రికవాడట, పెద్ద పత్రికవాడు! కన్నతండ్రి చావునే సరిచూసుకోకుండా అచ్చేసేశాడు!" అన్నారు. తర్వాత పూజపెట్టె దగ్గరికెళ్ళి అమ్మ ఫోటో ముందు కూర్చున్నారు. డబ్బా తెరిచి ఒక ముక్క అమ్మ ముందు పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకున్నారు. అది కరిగిపోయాక, "ఆ రోజు ముక్క నీళ్ళలో వేసింది నేను. వాడు కాదు ఆలస్యం చేసింది" అన్నారు. అంతే. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు ఒట్టూ లేదు గిట్టూ లేదు, అన్నీ చెబుతాను. నవంబరు పదిహేనున మొదలైంది జబ్బు కాదురా, రష్యన్! రేడియోలో పాఠాలు వస్తాయి కదా, ఆ పుస్తకం తెప్పించుకున్నారు. అరవై ఆరేళ్ళ మనిషి! "అక్కడికెళితే మీ అమ్మ ఎక్కడుందని ఎవరినైనా అడగాలి కదా, దీని కోసం కూడా కొడుకునే అడగనా" అన్నారు. గొంతులో గరగర అంటే వాళ్ళ అక్షరాలు పలకడం. గొన్‌జో తాత దండం పెట్టింది ఆ పట్టుదలకి. నీకు మాత్రం తెలియకూడదట, తనే చెబుతారట.

ఎలా చెప్పారో తెలుసా? కొత్త సంవత్సరం కార్డు! అందుకే నన్ను రాయొద్దన్నారు. డిసెంబరు మొదట్లోనే నీ చిరునామాతో సహా అంతా రష్యన్‌లో రాసి, ఎవరికీ చూపించకుండా తనే పోస్టు చేశారు. అందులో నిన్నేదో అడిగారట. నువ్వు అక్కడ అన్నం వండి కిటికీలో పెడుతున్నావు, ఆయన ఇక్కడ నీ జవాబు లేదని దిగాలు పడి కూర్చున్నారు. "వాడు రానన్నాడన్నమాట" అని నిన్న రాత్రి తనలో తను అనుకుంటుంటే విన్నాను.

ఆ కార్డు ఏమైందిరా? వెతుకు!

అక్క


మాస్కో, 1964 ఏప్రిల్ 21

అక్కా,

తంతి చూసి నడిరోడ్డు మీద కూర్చుండిపోయాను. ఒక పోలీసు వచ్చి లేపాడు. "మా నాన్న బతికే ఉన్నారు" అన్నాను. "సంతోషం. పేవ్‌మెంటు మీదికి నడవండి" అన్నాడు.

కార్డు దొరికింది. మూడు నెలలుగా నా బల్లకి నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఇక్కడ కూడా కొత్త సంవత్సరానికి ఆఫీసులు ఒకదానికొకటి కార్డులు పంపుకుంటాయి. అలాంటివి నూట యాభై దాకా జినయీదా పెత్రోవ్నా అట్టపెట్టెలో పడి ఉన్నాయి. నేను నా బల్ల మీద మన లిపి కోసం చూశాను. నాన్న కార్డు రష్యన్‌లో వస్తుందని కలలోనైనా అనుకోలేదు.

ఆవిణ్ణి అడిగితే కంగారు పడిపోయింది. "జపాను స్టాంపు చూశానండీ. ఎవరో తండ్రి కొడుక్కి రాసుకున్నాడు. పైన ఆఫీసు చిరునామాయే తప్ప మీ పేరు లేదు, కింద యొహెయ్ అని ఒక్క పేరే ఉంది. మీ నాన్నగారికి రష్యన్ అంటే పడదని మీరే చెప్పారు కదా, కాబట్టి ఇది మీది కాదని పక్కన పెట్టాను" అంది. చూశావా? నా మాట మీద ఆవిడా, నా లెక్క మీద నేనూ, ఇద్దరం నాన్నని చంపేశాం. పైగా ఆవిడ పంతులమ్మ కదా, చెయ్యి ఊరుకోక ఎర్ర పెన్సిల్‌తో మూడు తప్పులు దిద్దింది.

నాన్న రాసింది ఇదీ: "కొడుకా. కొత్త సంవత్సరం. నేను ఈ భాష చదువుతాను, కష్టం. వేసవి పడవ వస్తే మనం ఇద్దరం అమ్మ దగ్గర. నీవు వస్తావా? యొహెయ్."

ఎన్నిసార్లు చదివానో. ఈ ఊళ్ళో ఏడేళ్ళుగా పనిచేస్తున్నాను, ఇంత సూటిగా రష్యన్ రాసినవాళ్ళు నాకు తగల్లేదు.

జవాబు ఆయనకి విడిగా రాశాను, రష్యన్‌లోనే, పెద్ద అక్షరాలతో. నీకు మన భాషలో చెబుతున్నాను. వస్తాను, రానిస్తే. మా లాంటి విదేశీ విలేకరులకి ఊరు దాటాలంటేనే అనుమతి కావాలి, సరిహద్దు దీవి అంటే ఇంక చెప్పనక్కర్లేదు. అర్జీ పెట్టాను. తిప్పి పంపితే మళ్ళీ పెడతాను. నేను రాకపోయినా పడవ ఆగకూడదు. ఆ మాట నాన్నకి నువ్వు నచ్చజెప్పు.

ఇకనుంచి నాన్న గురించి అంతా రాయి. జలుబు చేసినా రాయి. మధ్యలో చదివే పెద్దమనిషి కూడా చదువుకోనీ.

తొకుజి


నెమురో, 1964 సెప్టెంబరు 16

తొకుజీ,

వెళ్ళొచ్చాం! నీ మూడో అర్జీ కూడా తిరిగొచ్చిందన్న ఉత్తరం పడవెక్కే ముందు రోజు అందింది. నాన్న చదివి, "సరే, వాడి వంతు కూడా నేనే అడుగుతాను" అన్నారు. తోడుగా నన్ను రానిచ్చారు.

ఊరు ఊరులా లేదు. మన ఇల్లు లేదు. బడి ఉన్నచోట డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. నాన్న నిలబడి అటూ ఇటూ చూశారు, నాకు భయమేసింది. వెదురుగడ్డి నడుము దాకా పెరిగింది, గుట్ట ఎటో వాగు ఎటో తెలియట్లేదు. మాతోపాటు వచ్చిన కాపలా కుర్రాడు తొందర పెడుతున్నాడు. అప్పుడు ఒకావిడ, నా ఈడుదే, బకెట్టుతో నీళ్ళు తీసుకుని పోతోంది. నాన్న టోపీ తీసి ఎదురెళ్ళి, పది నెలలు చదివిన ఆ ఒక్క వాక్యం చెప్పారు. "ఇక్కడ నా భార్య ఉంది. ఎక్కడ?" అని. ఒక్క తప్పు కూడా లేదనుకుంటాను, ఎందుకంటే ఆవిడ బకెట్టు కింద పెట్టేసింది.

మమ్మల్ని గడ్డిలోంచి తీసుకెళ్ళింది. తొకుజీ, అమ్మ ఉన్నచోట గడ్డి లేదు! చుట్టూ తెల్లటి రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. కొయ్య లేదు, రాళ్ళు మాత్రం ఉన్నాయి. మధ్యలో ఒక రేకు గిన్నె బోర్లించి ఉంది. ఎవరో పారేసిన చెత్త అనుకుని నాన్న తీయబోయారు. ఎత్తి చూస్తే కింద చీమలు. ఆవిడ గబగబా వచ్చి గిన్నె మళ్ళీ బోర్లించి, నాన్న చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. చాలా చెప్పింది. చివర్న ఏదో అడిగినట్టు ఆగింది, నాన్న మొహంలోకే చూస్తూ.

నాన్నకి అడగడం వచ్చు కానీ జవాబు వినడం ఇంకా రాలేదు. "స్పసీబ, స్పసీబ" అని వాళ్ళ భాషలో కృతజ్ఞత చెబుతూ వంగి వంగి దండాలు పెట్టారు. ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ దండం పెట్టారు. కాపలా కుర్రాడు టైమైందన్నాడు. ఆవిడ అలాగే నిలబడిపోయింది.

పడవలో నాన్న ఒకటే ఆరాటం. "ఏమందే? ఏదో అడిగిందే! నేను చెప్పలేదే!" అని. అక్కడ తవ్వొద్దని చెప్పిందా? ఆ చోటు తమదని చెప్పిందా? లేకపోతే అది అసలు అమ్మ చోటు కాదేమో, ఇంకెవరిదో అంటోందేమో! నాకూ అయోమయంగానే ఉంది. ఆవిడ పలికిన చప్పుళ్ళు మర్చిపోకముందే ఇద్దరం మన లిపిలో రాసిపెట్టాం. మూడు కాగితాలు. దీంతో పంపుతున్నాను. ఏమందో చెప్పు, త్వరగా. ఆయన సరిగ్గా నిద్రపోవట్లేదు.

అక్క


మాస్కో, 1964 అక్టోబరు 4

అక్కా, దీన్ని నాన్నకి చదివి వినిపించు.

కాగితాలు కళ్ళతో చదివితే ఏమీ తెలియలేదు. మాటకి మాట అంటుకుపోయి ఉంది. చివరికి గట్టిగా పైకి చదివాను. జినయీదా పెత్రోవ్నా టైపు కొట్టడం ఆపి, "మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివాను. మూడోసారికి ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. అప్పటికి నాకూ అర్థమైంది.

దీవిలో ఆ బకెట్టావిడ అన్నది ఇదీ: "మేము వచ్చినప్పుడు ఇక్కడ ఒక కొయ్య ఉండేది. చదవలేకపోయాం. తర్వాత అది పడిపోయింది. మా అత్తగారు చెప్పేది, ఎవరో ఆడమనిషి అయి ఉంటుంది, చూసేవాళ్ళెవరూ లేరు అని. వసంతంలో మా పెద్దవాళ్ళ సమాధులకి వెళ్ళే రోజున ఈవిడకీ పెడతాం. ఒక గుడ్డు, ఒక చక్కెర ముక్క. పక్షులు ఎత్తుకుపోకుండా గిన్నె బోర్లిస్తాం."

చక్కెర ముక్క, అక్కా. ఎన్నేళ్ళుగానో ఏటా పెడుతున్నారట.

చివర్న అడిగింది ఒకటే ప్రశ్న. రెండుసార్లు అడిగింది అదే. "ఈవిడ పేరేమిటి?"

నాన్నా, ఆ చోటు అమ్మదే. ఎవరూ పొమ్మనలేదు. పేరు అడిగారు, అంతే. అది మీరే చెప్పాలి. నేను రాయగలను కానీ రాయను. కొయ్య మీద రాసిన చెయ్యి మీది. ఒక కార్డు రాసి నాకు పంపండి, ఇక్కడి టపాలో ఆ ఊరికి నేను వేస్తాను. ఈసారి అది ఏ పెట్టెలోనూ పడి ఉండదు.

తొకుజి


కార్డు. నెమురో, 1964 అక్టోబరు 20. రష్యన్‌లో, పెద్ద అక్షరాలతో.

గౌరవనీయమైన స్త్రీకి.

ఆమె పేరు హత్సు. ఒబాతా హత్సు. నేను భర్త. ఆ రోజు మీ మాట తెలియలేదు, క్షమించండి. ఆమెకు తీపి ఇష్టం. ఒకటి చాలు అనేది, రెండు తినేది.

యొహెయ్

(కింద, మూలన, ఎర్ర పెన్సిల్‌తో: తప్పులు లేవు.)